అరుదైన ఇంగ్లిష్ మాటలు బట్టీ పడితే ఎందుకు నిలవవు?

2021 మేలో, కరోనా రెండో వేవ్ రోజుల్లో, అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ ట్విట్టర్‌లో సరదాగా ఒక ప్రశ్న వేశారు. పోసకొనజోల్, టోసిలిజుమాబ్, బారిసిటినిబ్ అంటూ నోరు తిరగని ఈ పేర్లు మందులకు పెట్టేది ఎవరని అడిగి, ఇందులో నోరు తిరగని ఇంగ్లిష్ మాటలకు పేరుపడ్డ ఎంపీ శశి థరూర్ హస్తం ఉందేమోనన్న అనుమానమూ వెలిబుచ్చారు. తనకేమీ సంబంధం లేదని థరూర్ బదులిచ్చారు. ఆ బదులులోనే ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’ అనే మాట వదిలారు. ఇంగ్లిష్‌లో రాస్తే దానికి 29 అక్షరాలు. దేన్నయినా పనికిమాలినదిగా తీసిపారేయడం అని దాని అర్థం.

ఆ మాట పుట్టుకే ఒక బడిపిల్లల జోకు. లాటిన్‌లో ‘పూచికపుల్ల పాటి విలువ లేనిది’ అనే అర్థంలో వాడే నాలుగు మాటలు ఉన్నాయి: ఫ్లాకి, నాకి, నిహిలి, పిలి. వాటిని వరసగా కలిపి కుట్టి, చివర ఒక తోక తగిలించారు. 1741 నాటి ఒక ఉత్తరంలోనే ఇది కనిపిస్తుంది. ఇన్నేళ్లలో దాన్ని అర్థం కోసం వాడినవాళ్లకంటే పొడవు చూపించడానికి వాడినవాళ్లే ఎక్కువ. అయినా ‘ఒకాబులరీ పెంచుకోవాలి’ అనుకునే చాలామందికి మనసులో మెదిలే బొమ్మ ఇలాంటి మాటలదే. అయోమయం అక్కడే మొదలవుతుంది.

క్లుప్తంగా: అరుదైన పదాల జాబితాలు ఒకప్పటి పరీక్షలకు సరిపోయేవి. ఇప్పుడు పరీక్షలు మాటకు అర్థం ఏమిటనేకంటే ఆ మాట ఎక్కడ ఇముడుతుందనేదే ఎక్కువగా అడుగుతున్నాయి. జాబితాలో దొరకనిదీ అదే. తెలుగులో ఉన్న తేడాలను గమనించే అలవాటు ఉన్నవాళ్లకు ఇంగ్లిష్‌లోని ఈ తేడాలు తొందరగా పట్టుబడతాయి.

పరీక్ష మారింది, నోట్‌బుక్ మారలేదు

తెలుగు రాష్ట్రాల్లో అరుదైన ఇంగ్లిష్ మాటలకు గిరాకీ తెచ్చింది ప్రధానంగా జీఆర్ఈ. అమెరికాలో ఎంఎస్ చేయాలనుకునేవాళ్లకు ఏళ్ల తరబడి అది దాటక తప్పని గడప. 2011 వరకు ఆ పరీక్షలో యాంటనిమ్స్ (వ్యతిరేకపదాలు), అనాలజీలు (ఒక జంట మాటల మధ్య ఉన్న సంబంధమే ఉన్న మరో జంటను పట్టుకోవడం) ఉండేవి. యాంటనిమ్ ప్రశ్నలో ఒకే ఒక్క మాట, కింద ఐదు ఆప్షన్లు. చుట్టూ వాక్యం ఉండదు, సందర్భం ఉండదు. మాట తెలిస్తే మార్కు వచ్చినట్టే. అలాంటి పరీక్షకు మూడున్నర వేల పదాల జాబితా పట్టుకుని రోజుకు యాభై చొప్పున మింగడం తెలివితక్కువ పనేమీ కాదు. అడిగేదే అది.

2011 ఆగస్టులో ఈ పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ ఆ రెండు రకాల ప్రశ్నలనూ ఎత్తేసింది. వాక్యంలోని ఖాళీలను పూరించే టెక్స్ట్ కంప్లీషన్‌కు బరువు పెరిగింది. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే కొత్త రకం వచ్చింది. ఇందులో ఒక వాక్యం, ఒక ఖాళీ, ఆరు ఆప్షన్లు ఉంటాయి. వాటిలో రెండింటిని ఎంచుకోవాలి. ఏది పెట్టినా వాక్యం మొత్తానికి అర్థం ఒకటే రావాలి. చిక్కేమిటంటే, ఆ ఆరింటిలో ఒకదానికొకటి పర్యాయపదాలైన జంట ఉన్నా అది ఆ వాక్యానికి పొసగకపోవచ్చు. జాబితా బాగా కంఠతా వచ్చినవాళ్ల కన్ను ముందు ఆ జంట మీదే పడుతుంది. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను దాదాపు రెండు గంటలకు కుదించారు. భాషను పరీక్షించే వెర్బల్ భాగంలో ఇప్పుడు 41 నిమిషాల్లో 27 ప్రశ్నలు, వాటిలో సుమారు సగం చదివి అర్థం చేసుకునేవే.

అమెరికాలో డిగ్రీ చేరడానికి రాసే శాట్ కూడా ఇదే దారి పట్టింది. 2005లో అనాలజీలు, 2016లో విడి వాక్యాల్లో ఖాళీలు పూరించే ప్రశ్నలు పోయాయి. వాటితోపాటే ‘శాట్ మాటలు’ అని పేరుపడ్డ అరుదైన పదాల గుట్ట కూడా చాలావరకు కరిగిపోయింది.

నోట్‌బుక్కులు మాత్రం అలాగే ఉన్నాయి. ఎడమ పక్క ఇంగ్లిష్ మాట, కుడి పక్క ఒక్క ముక్కలో అర్థం, మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత.

ఇంగ్లిష్ మూడంతస్తులు

ఒకే అర్థానికి ఇంగ్లిష్‌లో ఇన్నేసి మాటలు ఎందుకు? సమాధానం ఆ దేశ చరిత్రలో ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించాక రాజదరబారు, కోర్టు, పెద్దింటి వంటిల్లు ఫ్రెంచి మాట్లాడాయి. పొలం, పాక, పశువుల కొట్టం పాత ఇంగ్లిష్‌లోనే ఉండిపోయాయి. అందుకే గొడ్డు బతికుంటే ‘కౌ’, పళ్లెంలోకి వస్తే ‘బీఫ్’. ‘షీప్’ మటన్ అయింది, ‘పిగ్’ పోర్క్ అయింది.

ఆ తర్వాత 16వ శతాబ్దంలో పండితులు లాటిన్, గ్రీకుల నుంచి మాటలు వేలకొద్దీ దింపుకున్నారు. వీటిని గిట్టనివాళ్లు సిరాబుడ్డి మాటలని ఎగతాళి చేశారు. 1553లో థామస్ విల్సన్ అనే పండితుడు ఇలాంటి మాటలు కుక్కి వెక్కిరింపుగా ఒక ఉత్తరం అచ్చువేశాడు. తమాషా ఏమిటంటే, ఆయన గేలి చేసిన వాటిలో ‘సెలబ్రేట్’, ‘ఎక్స్‌టోల్’, ‘డెక్స్‌టెరిటీ’ ఇప్పుడు మామూలు మాటలు. అదే ఉత్తరంలోని ‘ఇంజెంట్’ మాత్రం చచ్చిపోయింది. మన దగ్గర పొన్నెగంటి తెలగన సంస్కృతం కలవకుండా అచ్చ తెలుగులో కావ్యం రాసిందీ ఆ శతాబ్దంలోనే. పరాయి మాటల బరువు మీద చర్చ రెండు చోట్లా ఇంచుమించు ఒకే కాలంలో నడిచింది.

ఫలితంగా ఇంగ్లిష్‌లో చాలా భావాలకు మూడంతస్తులు ఏర్పడ్డాయి. ‘ఆస్క్’ నేల మీది మాట, ‘క్వశ్చన్’ ఫ్రెంచి మీదుగా వచ్చింది, ‘ఇంటరాగేట్’ లాటిన్ నుంచి దిగింది. పై అంతస్తుకు పోయేకొద్దీ మాట పొడవవుతుంది, చల్లబడుతుంది, కాగితం వాసన వేస్తుంది. అమ్మ కొడుకుని ‘ఆస్క్’ చేస్తుంది, పోలీసులు ‘ఇంటరాగేట్’ చేస్తారు.

తెలుగువాళ్లకు ఇదేమీ కొత్త కాదు. నీళ్లు, జలం, ఉదకం మూడూ ఒకటే పదార్థం. హోటల్లో ‘నీళ్లు తీసుకురా’ అంటారు, ‘జలవనరుల శాఖ’ అని బోర్డు మీద రాస్తారు, ఉదకం పురోహితుడి నోట వినపడుతుంది. టీ కొట్టు దగ్గర ‘కాస్త ఉదకం ఇప్పించండి’ అన్నవాడి తెలుగు తప్పు కాదు, కానీ చుట్టూ ఉన్న నలుగురూ తలతిప్పి చూస్తారు. జాబితాలోంచి ఊడబెరికి తెచ్చిన ఇంగ్లిష్ మాట చాలాసార్లు చేసేది ఇదే పని. డిక్షనరీలో అర్థం సరిపోతుంది, అంతస్తు తప్పుతుంది.

ఎన్ని మాటలు చాలు?

ఈ లెక్కకు ఆసియాలోనే ఒక మొదలు ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చి అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో విద్యాశాఖలో పనిచేసిన మైకేల్ వెస్ట్, ఇక్కడి పిల్లలు ఇంగ్లిష్ చదవడానికి ముందుగా ఏ మాటలు కావాలని ఆలోచించాడు. ఆ దారిలో సాగిన పని 1953లో సుమారు 2000 మాటల జాబితాగా వచ్చింది. 2000లో న్యూజిలాండ్‌లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ దాని మీద 570 పద కుటుంబాల అకడమిక్ జాబితా చేర్చారు. ఒక మాట, దాని రూపాలు కలిపితే ఒక పద కుటుంబం. యూనివర్సిటీ పుస్తకాల్లో ప్రతి వంద మాటల్లో సుమారు పది ఈ 570లోంచే వస్తాయి. ‘అనలైజ్’, ‘డిరైవ్’, ‘సిగ్నిఫికెంట్’ లాంటివి ఇవి. వీటిలో మెరుపు ఏమీ ఉండదు. అందుకే వీటిని ఎవరూ గోడకు అతికించుకోరు.

ఇదే రంగంలో పాల్ నేషన్ 2006లో మరో లెక్క చూపించారు. నవలలు, పత్రికలు ఎవరి సాయం లేకుండా చదవాలంటే వంద మాటల్లో 98 తెలిసుండాలి అనుకుంటే, అందుకు 8 నుంచి 9 వేల పద కుటుంబాలు కావాలి. మొదటి రెండు మూడు వేలు బడిలో, సినిమాల్లో, ఆఫీసులో వాటంతటవే అబ్బుతాయి. లోటంతా మధ్యలో ఉంటుంది. అమెరికా విద్యా పరిశోధకురాలు ఇసబెల్ బెక్ దీన్ని రెండో అంచె అన్నారు. ఇల్లు, కుక్క లాంటివి మొదటి అంచె. ఐసోటోప్ లాంటి శాస్త్ర పదాలు మూడోది. రాజకీయ వార్తలోనూ సైన్సు వ్యాసంలోనూ కోర్టు తీర్పులోనూ ఎదురయ్యే ‘రిలక్టెంట్’, ‘ప్లాజిబుల్’, ‘అండర్‌మైన్’ లాంటివి రెండోది. ప్రయత్నానికి ఫలం ఎక్కువగా దక్కేది ఇక్కడే. జనం ఎగబడేది మాత్రం ఆ పైన ఉన్న కొమ్మల కోసం.

పై కొమ్మలు ఎందుకు అందవో కూడా లెక్కే చెబుతుంది. ఇంగ్లిష్ రాతలో ‘ది’ ఒక్కటే ఆరేడు శాతం ఉంటుంది. అక్కడి నుంచి వాడుక నిట్టనిలువుగా పడిపోతుంది. పది లక్షల మాటలకు ఒక్కసారి కనిపించే మాట ఉందనుకుంటే, దాన్ని ఒక్కసారి కలుసుకోవడానికి లక్ష మాటల నవలలు పది చదవాలి. రెండోసారి కలిసేసరికి మొదటిసారి చూసింది గుర్తుండదు. కాబట్టి ‘చదివితే అదే వస్తుంది’ అనే సలహా మధ్యస్థం మాటలకు నిజం, మరీ అరుదైనవాటికి కాదు. వాటికి ఏదో ఒక రకంగా కావాలని చేసే ప్రయత్నం తప్పదు.

ఐదు మాటలు, ఒకటే ‘తగ్గు’

ఆ నోట్‌బుక్కులోని ఒక పేజీ చూద్దాం. అబేట్: తగ్గు. మిటిగేట్: తగ్గించు. అలీవియేట్: తగ్గించు. వేన్: తగ్గు. డిమినిష్: తగ్గు. ఐదు మాటలు నేర్చుకున్నట్టే ఉంది. నిజానికి నేర్చుకున్నది సున్నా, ఎందుకంటే ‘తగ్గు’ ముందే తెలుసు. ఈ ఐదింటిలో ఏది ఎప్పుడు వాడాలో ఆ పేజీ చెప్పదు.

తెలుగులోనూ అన్నీ ‘తగ్గవు’. వాన తెరిపిస్తుంది. కోపం చల్లారుతుంది. జ్వరం దిగుతుంది. వరద తగ్గుముఖం పడుతుంది. నొప్పికి ఉపశమనం కలుగుతుంది. ‘వాన చల్లారింది’ అంటే అర్థం కాకపోదు, కానీ తెలుగు కాదని వెంటనే తెలిసిపోతుంది. అబేట్‌కు సొంతమైనవి తుఫాను, వరద, ఆవేశం లాంటివి. ఉధృతంగా వచ్చి తమంతట తాము నెమ్మదించేవి. అలీవియేట్‌కు నొప్పి, బాధ, పేదరికం కావాలి, తగ్గించే చెయ్యి ఒకటి ఉండాలి. ఆ సమస్య పోదు, భరించగలిగేలా అవుతుంది. మిటిగేట్ ముందుచూపు మాట. రిస్కు, నష్టం, ప్రభావం దాని పక్కన కూర్చుంటాయి, అందుకే విపత్తు నిర్వహణ కాగితాల నిండా అదే. వేన్ చంద్రకళ. పౌర్ణమి తర్వాత చంద్రుడు క్షీణించినట్టు పలుకుబడి, ఆసక్తి క్షీణించడం. డిమినిష్ ఒక్కటే వీటిలో కాస్త ఎక్కడైనా సర్దుకుపోతుంది.

మాటకు దాని పక్కన కూర్చునే మాటతో ఉండే ఈ బంధాన్ని కొలొకేషన్ అంటారు. ‘కటిక’ను తీసుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. కటిక పేదరికం, కటిక చీకటి, కటిక ఉపవాసం, కటిక నేల. కటిక సంతోషం ఉండదు. ‘కటిక’కు విడిగా అర్థం చెప్పమంటే తెలుగువాళ్లు కూడా ఒక్క క్షణం తడుముకుంటారు, వాడటంలో మాత్రం తప్పు చేయరు. ఇంగ్లిష్ ‘అబ్జెక్ట్’ (abject) అచ్చం ఇలాంటిదే. విశేషణంగా అది పేదరికంతో, ఘోర వైఫల్యంతో, దిగజారి చెప్పే క్షమాపణతో వస్తుంది. సంతోషంతో రాదు. జాబితాలో దాని ఎదురుగా ‘హీనమైన’ అని ఉంటుంది. ఆ ముక్క పట్టుకుని ‘అబ్జెక్ట్ క్వాలిటీ’ అని ఎవరైనా రాస్తే, ఇంగ్లిష్ చదువరికి అది ‘కటిక నాణ్యత’లా తగులుతుంది.

మాటకు మంచి చెడుల రంగు కూడా ఉంటుంది. ‘నోటోరియస్’కు ‘ప్రసిద్ధి చెందిన’ అని రాసుకుంటే ముప్పే. ‘పేరుమోసిన’ అని రాసుకుంటే చాలు, పేరుమోసిన దొంగ ఉంటాడు గానీ పేరుమోసిన డాక్టరు అంటే ఎక్కడో అనుమానం తగులుతుంది. అలాగే ‘ఫరాగో’. 2017లో థరూర్ ఒక ట్వీట్‌లో ఈ మాట వాడగానే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో దాని కోసం వెతుకులాట ఒక్కసారిగా పెరిగింది. లాటిన్‌లో అది పశువులకు వేసే కలిపిన దాణా. దానికి ‘మిశ్రమం’ అని రాసుకుంటే తప్పుదారే, అందులో ఉన్న చిరాకు పోతుంది. ‘కలగాపులగం’ సరిగ్గా అతుకుతుంది, అదీ తిండి నుంచి వచ్చిన మాటే.

దంతం నుంచి డెంటల్ దాకా

జాబితా కాకపోతే మూలాలు, అంటే ‘రూట్ వర్డ్స్’. ఇది కొంతవరకు మంచి దారి. ‘మాట్లాడటం’ అనే అర్థంలో లాటిన్‌లో ఉన్న ‘లొక్వ్’ ఒకటి పట్టుకుంటే లొక్వేషస్, ఎలొక్వెంట్, కొలోక్వియల్, సొలిలొక్వీ నాలుగూ ఒక గూటికి చేరతాయి.

తెలుగువాళ్లకు ఇందులో ఒక అదనపు వెసులుబాటు ఉంది. తెలుగు ద్రావిడ భాష అయినా దాని నిండా సంస్కృత తత్సమాలు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో బంధుత్వం ఉందని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాడు. కాబట్టి దంతం తెలిసినవాళ్లకు డెంటల్, పాదం తెలిసినవాళ్లకు పెడెస్ట్రియన్, మృత్యువు తెలిసినవాళ్లకు మోర్టల్, అగ్ని తెలిసినవాళ్లకు ఇగ్నైట్ దూరపు చుట్టాలే. నామం ‘నామినల్’లో ఉంది. దానం ‘డొనేషన్’లో ఉంది. భ్రాతృభావం ‘ఫ్రటర్నిటీ’లో ఉంది. మోకాలికి సంస్కృతం జాను. మోకాలు వంచి మొక్కడం ఇంగ్లిష్‌లో ‘జెన్యుఫ్లెక్ట్’. ఇంత అరుదైన మాట కూడా ఆజానుబాహువు తెలిసినవాళ్లకు జారిపోదు.

అయితే పోలిక కనిపించిన ప్రతిదీ చుట్టరికం కాదు. ‘దేవ’కు లాటిన్ ‘డేయుస్’ చుట్టం, గ్రీకు ‘థియోస్’ కాదు. కాబట్టి ‘థియాలజీ’ని ఆ గూటిలో వేయకూడదు. మూలాలు తెలిసి కూడా బోల్తా పడే మాటలు కొన్ని ఉన్నాయి. ‘ఎనర్వేట్’ చూడగానే ఎనర్జీ గుర్తొస్తుంది, అర్థం మాత్రం సత్తువ లాగేయడం. ‘నాయిసమ్’కు చప్పుడుతో పనిలేదు, అది కంపు కొట్టేది. ‘రెస్టివ్’ విశ్రాంతి కాదు, కుదురులేనితనం. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మంట అంటుకోనిది కాదు, ఇట్టే అంటుకునేది. ట్యాంకర్ మీద ఈ మాట తప్పుగా చదివితే పోయేది మార్కు ఒక్కటే కాదు.

రాకపోకలు ఒక వైపే జరగలేదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇంగ్లిష్ డిక్షనరీలో ఉన్న ‘బాండికూట్’ మన పందికొక్కే.

మరుపు లెక్క

1885లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, తానే ఎంత వేగంగా మరిచిపోతున్నాడో కొలుచుకున్నాడు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. సందర్భం లేకుండా బట్టీపట్టిన పరాయి మాట ఇంచుమించు ఆ అర్థం లేని అక్షరాల గుంపే. ఒక్క రాత్రిలో ఐదుసార్లు చూసినదాని కంటే రెండు వారాల్లో ఎడమెడంగా ఐదుసార్లు గుర్తుచేసుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన కార్డుల పెట్టె, 2006లో వచ్చిన ఆంకీ యాప్ ఈ సూత్రం మీదే నడుస్తాయి.

కొండగుర్తులూ పనిచేస్తాయి. 1975లో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ అట్కిన్సన్ బృందం రష్యన్ పదాలతో దీన్ని పరీక్షించి చూపించింది. ‘కజోల్’ అంటే బుజ్జగించి పని చేయించుకోవడం, దాన్ని సినిమా నటి పేరుతో ముడిపెట్టుకుని గుర్తుంచుకునే విద్యార్థులు దేశమంతా ఉన్నారు. ఆ ముడి మాటను గుర్తుచేస్తుంది, వాడుకను కాదు. కార్డు వెనక ఒక్క ముక్క అర్థం బదులు, ఎక్కడో చదివిన పూర్తి వాక్యం రాసుకుంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

రాతలోకి తెస్తే

చదివితే తెలిసే మాటలు, రాయగలిగే మాటలు వేరు. ఎవరికైనా మొదటి రాశే పెద్దది. దాన్నంతా రెండో రాశిలోకి బలవంతాన తోస్తే ఏమవుతుందో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ ఓపెన్‌హైమర్ పరీక్షించారు. ఉన్నత చదువుల అడ్మిషన్ కోసం రాసిన వ్యాసాలు తీసుకుని, వాటిలో మామూలు మాటల స్థానంలో పొడవాటి పర్యాయపదాలు పెట్టి చదివించారు. మాటలు బరువెక్కేకొద్దీ రాసినవాళ్ల తెలివి మీద చదివినవాళ్ల అంచనా పడిపోయింది. ఈ పనికి ఆయనకు 2006లో ఇగ్ నోబెల్ వచ్చింది, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. అడ్మిషన్ కోసం తమ గురించి రాసే వ్యాసం (ఎస్ఓపీ) రాసేటప్పుడు పక్కన థెసారస్, అంటే పర్యాయపదాల నిఘంటువు, తెరిచిపెట్టుకునేవాళ్లకు నేరుగా తగిలే ఫలితం ఇది.

2023 తర్వాత మరో మెలిక వచ్చిపడింది. చాట్‌జీపీటీ లాంటి యంత్రాలు బరువైన మాటలను అడిగినంత పోస్తున్నాయి. నిన్నటిదాకా చదువుకు గుర్తుగా ఉన్న మాట ఇవాళ యంత్రం రాసిందేమోనన్న అనుమానానికి గుర్తవుతోంది. 2024 ఏప్రిల్‌లో అమెరికన్ ఇన్వెస్టర్ పాల్ గ్రాహం, తనకు వచ్చిన ఒక మెయిల్లో ‘డెల్వ్’ ఉండటాన్ని ఎత్తిచూపి అలాంటి అనుమానమే వెలిబుచ్చారు. నైజీరియన్లు గట్టిగా బదులిచ్చారు. తమ బడుల్లో నేర్పే ఇంగ్లిష్‌లో అది మామూలు మాటేనన్నారు. ఆంగ్లేయుల పాలనలో కాగితం ఇంగ్లిష్ నేర్చుకున్న అన్ని దేశాలకూ, భారత్‌తో సహా, ఈ చిక్కు వర్తిస్తుంది. ఒక చోట మర్యాద అనిపించే మాట ఇంకో చోట కృత్రిమం అనిపిస్తుంది.

ఇందులో మరో విడ్డూరం ఉంది. ‘డెల్వ్’ లాటిన్ పండితులు దింపిన మాట కాదు. నార్మన్లు రాకముందు నుంచీ ఇంగ్లండ్ పొలాల్లో ఉన్నదే. పారతో నేల తవ్వడం అని దాని అసలు అర్థం.